దగ్గు, గొంతునొప్పి – కారణములు, గృహచికిత్స

“ఆరోగ్యమే మహాభాగ్యము” అని తెలుగువారు, “తందురుస్తీ హజార్ నేమత్ హై” అని ఉర్దూవారు చెప్పే మాటలో భావము ఒక్కటే. ఈ రెండు భాషలూ ఒకే వరండాలో వినిపించే మా కళాశాలలో, చలికాలము ప్రవేశించగానే మూడవ భాష ఒకటి వినిపించడము ప్రారంభిస్తుంది. అది దగ్గు. హాజరు పిలుస్తున్నప్పుడు “ప్రెజెంట్ సర్” అనే మాటకు బదులు కొందరి నోట దగ్గే సమాధానముగా వస్తుంది. పద్యము చదువుమంటే గొంతు పట్టుకొన్నదని చేయి చూపేవారు కొందరు. పరీక్షల కాలములో ఈ భాష హాలంతటా వ్యాపిస్తుంది.

ఈ దగ్గు విషయములో మన విద్యార్థులు మూడు విధములుగా ప్రవర్తిస్తున్నారని మేము గమనిస్తున్నాము. మొదటివారు మూడవ రోజుననే మందుల దుకాణమునకు పోయి, పేరు తెలియని సీసా ఒకటి, రెండు రంగుల గొట్టములు నాలుగు తెచ్చుకొంటారు. రెండవవారు నెలల తరబడి దగ్గుతూ “ఏమీ లేదు సార్, దుమ్ము” అని చెప్పి దాచుకొంటారు. మూడవవారు రెండు దినముల దగ్గుకే ఏదో మహావ్యాధి సంక్రమించినదని నిద్ర మానుకొంటారు. మొదటివారు ధనమును, రెండవవారు ఆరోగ్యమును, మూడవవారు మనశ్శాంతిని పోగొట్టుకొంటున్నారు. ఈ మూడు నష్టములకూ మూలము ఒక్కటే. దగ్గు అంటే ఏమిటో, అది ఎన్ని దినములు ఉండవచ్చునో, ఎప్పుడు ఇంటి వైద్యము చాలునో, ఎప్పుడు చాలదో తెలియకపోవడమే ఆ మూలము.

మేము వైద్యులము కాము, భాషాధ్యాపకులము. అయినను గొంతు మా వృత్తికి పనిముట్టు. రోజుకు నాలుగైదు గంటలు దానితోనే జీవిస్తున్నవారము కనుక దాని బాగోగులను తెలుసుకొనడము మాకు అవసరమైనది. అట్లు తెలుసుకొన్న విషయములను విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము.

దగ్గు రోగమా, కావలివాడా?

దగ్గును సంస్కృతములో కాసమంటారు. చరకుడు దానిని వాతజము, పిత్తజము, కఫజము, క్షతజము, క్షయజము అని ఐదు విధములుగా విభజించినాడు. యునానీ హకీములు దానినే సుఆల్ అన్నారు. వ్యవహారపు ఉర్దూలో అది ఖాంసీ. పేర్లు ఎన్ని ఉన్నను ఆధునిక వైద్యము చెప్పే ముఖ్యమైన మాట ఏమనగా, దగ్గు స్వయముగా ఒక రోగము కాదు. అది రోగలక్షణము. అంతకుముందు అది శరీరరక్షణకు ఏర్పడిన ఒక ప్రక్రియ.

మన శ్వాసనాళముల లోపలి గోడలపై కంటికి కనిపించని సన్నని రోమములు లక్షలాదిగా ఉన్నవి. వాటిపై పలుచని జిగురుపొర ఒకటి పరచుకొని ఉంటుంది. పీల్చిన గాలితో లోనికి పోయే దుమ్ము, పొగ, సూక్ష్మక్రిములు ఆ జిగురులో చిక్కుకొంటాయి. రోమములు నిరంతరము పైకి కదలుతూ ఆ మలినమును గొంతువైపునకు నెట్టుతాయి. మనము తెలియకుండానే దానిని మింగివేస్తాము. ఈ ఏర్పాటుకు మించిన భారము పడినప్పుడు, లేదా నాళముల గోడ వాచి చురుకెక్కినప్పుడు, అక్కడి నరములు మెదడు అడుగు భాగమునకు వార్త పంపుతాయి. వెంటనే ఒక దీర్ఘశ్వాస, ఆపై స్వరద్వారము మూసుకొనడము, ఛాతీ పొట్టల కండరములు బిగుసుకొనడము, తరువాత ద్వారము ఒక్కసారిగా తెరచుకొనడము జరుగుతుంది. లోపల బిగించిన గాలి పెద్ద వేగముతో బయటికి దూసుకువస్తూ అడ్డమున్నదానిని వెంట తీసుకొనిపోతుంది. ఇదే దగ్గు.

కనుక దగ్గు ఇంటి కావలివాని వంటిది. కావలివాడు కేక వేసినప్పుడు వాని నోరు మూయించడమే పనిగా పెట్టుకొనరాదు, ఎందుకు కేక వేసినాడో చూడవలెను. కఫము వస్తున్న దగ్గును మత్తుమందులతో బలవంతముగా అణచడము మంచిది కాదనుటకు కారణము ఇదే. కాని కావలివాడు ఒక్కొక్కసారి దొంగ వెళ్ళిపోయిన తరువాత కూడ కేకలు వేస్తూనే ఉంటాడు. జలుబు తగ్గిన పిమ్మట రెండు మూడు వారములు నిలిచే పొడిదగ్గు అటువంటిది.

దినముల లెక్క

వైద్యులు దగ్గును ముందుగా కాలమును బట్టి విభజిస్తారు. పెద్దవారిలో మూడు వారముల లోపు ఉన్నది స్వల్పకాలికము, ఎనిమిది వారములు దాటినది దీర్ఘకాలికము. మధ్యలోనిది ఆ రెండింటికీ నడుమది.

స్వల్పకాలపు దగ్గుకు అత్యధికముగా కారణము వైరసులు. జలుబును కలిగించగల వైరసులు 200 రకములకు పైగా ఉన్నవి. ఫ్లూ కూడ వైరసు వలన వచ్చేదే. 2020లో లోకమును స్తంభింపజేసిన కోవిడ్ కూడ ఆ కోవకు చెందినదే. ఇక్కడ ప్రతి విద్యార్థి జ్ఞాపకముంచుకొనవలసిన అంకె ఒకటి ఉన్నది. జలుబుతో వచ్చిన దగ్గు పూర్తిగా తగ్గుటకు సగటున 18 దినములు పడుతుంది. ప్రజలు మాత్రము అది వారములో పోవలెనని ఎదురుచూస్తారు. ఏడవ దినమున దగ్గు తగ్గలేదని యాంటీబయాటిక్ మింగుతారు. పదునెనిమిదవ దినమున తగ్గినప్పుడు మందు వలననే తగ్గినదని నమ్ముతారు. కాలము చేసిన పనికి కీర్తి గొట్టములకు దక్కుతున్నది.

కఫము పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో మారినంత మాత్రమున క్రిములు విజృంభించినవని భయపడనక్కరలేదు. ఆ రంగు మన రక్తములోని తెల్లకణములలో ఉండే ఒక పదార్థము వలన కలుగుతుంది. సాధారణ జలుబులో కూడ అది కనిపిస్తుంది.

దీర్ఘకాలపు దగ్గుకు కారణములు వేరు. ఉబ్బసము కొందరిలో ఆయాసము లేకుండ రాత్రివేళ పొడిదగ్గుగా మాత్రమే వ్యక్తమవుతుంది. ముక్కులోని స్రావము గొంతులోకి జారడము ఒక కారణము. జీర్ణకోశములోని ఆమ్లము పైకి ఎగదన్నడము మరొకటి. రాత్రి పది గంటలకు బిర్యానీ తిని పదిన్నరకు పడుకొనేవారు దీనిని గమనించవలెను. రక్తపోటునకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మందులు కొందరిలో పొడిదగ్గు కలిగిస్తాయి. ఇంట్లో తల్లిదండ్రులు ఎవరైనా నెలల తరబడి దగ్గుతూ ఉంటే వారు వాడే బిళ్ళల పేర్లను వైద్యునికి చూపవలెను. అంతేకాని తమంతట తాము వాటిని ఆపరాదు.

మన పరిసరములు కూడ దగ్గును పెంచుతున్నవి. బీడీ, సిగరెట్టు, హుక్కా ఈ మూడింటికీ భేదము లేదు. పొగ మొదట ఆ సన్నని రోమములనే మందగింపజేస్తుంది. ఆ పని దగ్గు మీద పడుతుంది. పొగత్రాగువాని ప్రాతఃకాలపు దగ్గునకు రహస్యమిదే. కట్టెల పొయ్యి ఎదుట కూర్చొని ఊదుతూ వంట చేసిన తల్లులు ఏ పొగా త్రాగకనే పొగత్రాగువారి రోగములకు గురి అయినారు. నిజామాబాదు, జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ ప్రాంతములలో బీడీలు చుట్టే ఇండ్లలో పొగాకు ధూళి గాలిలో తేలుతూనే ఉంటుంది. ఆ ఇండ్ల నుండి మన కళాశాలలకు వచ్చే పిల్లలు ఉన్నారు. బీడీ తంబాకు ఉండే గదిలో పసిపిల్లలను పరుండబెట్టకుండ, కిటికీలు తెరచి ఉంచి, పని ముగిసిన తరువాత తడిబట్టతో నేల తుడవడము కొంత మేలు చేస్తుంది. రాతి క్రషర్ల వద్ద పనిచేసేవారి దగ్గును తేలికగా తీసుకొనరాదు. రాతిపొడి ఊపిరితిత్తులలో చేరి శాశ్వతమైన హాని కలిగించగలదు. పొలముల గట్లపై, ఖాళీస్థలములలో పెరిగే వయ్యారిభామ పుప్పొడి కూడ కొందరికి తుమ్ములను, దగ్గును, ఆయాసమును తెచ్చిపెడుతుంది.

గొంతునొప్పి

తెలుగువారి గళము, ఉర్దూవారి గలా ఒకే మూలము నుండి పుట్టిన మాటలు. నొప్పి కూడ ఇద్దరికీ ఒకటే. గొంతునొప్పిలో కూడ ఎక్కువ భాగము వైరసుల వలననే వస్తుంది. మూడు దినములు మొదలు వారము లోపల దానంతట అదే తగ్గిపోతుంది. కాని కొద్ది భాగము స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వలన వస్తుంది. పెద్దవారి గొంతునొప్పులలో నూటికి 5 నుండి 15 వరకు, పిల్లలలో 20 నుండి 30 వరకు ఈ జాతికి చెందినవని అంచనా. ఈ కొద్దిభాగమును గుర్తించడము ముఖ్యము. చికిత్స జరుగని స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారములకు కొందరు పిల్లలలో కీళ్ళవాత జ్వరము రావచ్చును. కీళ్ళు వాచి, ఆ వాపు తగ్గిపోయినను గుండె కవాటములు చెడిపోయి జీవితాంతము బాధపెట్టవచ్చును. ఇది ముఖ్యముగా 5 నుండి 15 సంవత్సరముల వయస్సు వారికి వచ్చే వ్యాధి. మన విద్యార్థుల తమ్ములు, చెల్లెండ్రు ఆ వయస్సువారే.

దీనిని గుర్తించుటకు 1981లో రాబర్ట్ సెంటర్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు నాలుగు గుర్తులు చెప్పినారు. జ్వరము ఉండడము ఒకటి. కొండనాలుకకు ఇరువైపుల ఉండే టాన్సిల్సుపై తెల్లని చీము మచ్చలు ఉండడము రెండు. దవడ క్రింద మెడ ముందుభాగమున బిళ్ళలు వాచి నొప్పిపెట్టడము మూడు. నాలుగవది విచిత్రమైనది. అది దగ్గు లేకపోవడము. గొంతునొప్పితో పాటు దగ్గు, ముక్కు కారడము, గొంతు బొంగురుపోవడము ఉన్నవంటే అది చాలవరకు వైరసు పని. దగ్గు లేకుండ తీవ్రమైన గొంతునొప్పి, జ్వరము ఉన్నవంటే వైద్యునికి గొంతు చూపించవలెను. మనము సాధారణముగా దగ్గు ఉంటేనే భయపడతాము. గొంతునొప్పి విషయములో దగ్గు లేకపోవడమే జాగ్రత్తపడవలసిన గుర్తు.

స్ట్రెప్టోకాకస్ అని నిర్ధారణ అయినప్పుడు వైద్యుడు పెన్సిలిన్ జాతి మందును సాధారణముగా 10 దినములు వ్రాస్తాడు. రెండవ దినమున నొప్పి పోయినదని మూడవ దినమున మానివేయరాదు. నొప్పి పోగొట్టుటకంటె గుండెను కాపాడుటకే ఆ మందు ఇవ్వబడుతున్నదని తెలుసుకొనవలెను.

కంఠసర్పి అనే మరొక వ్యాధి పోయినదని చాలమంది అనుకొంటున్నారు. పోలేదు. హైదరాబాదు నల్లకుంట జ్వరముల ఆసుపత్రికి ఇటీవలి దశాబ్దములలో కూడ ఈ రోగులు వచ్చినారు. గొంతులో బూడిదరంగు పొర ఏర్పడి, మెడ వాచి, శ్వాసను అడ్డగించడము దీని స్వభావము. దానికి టీకా ఉన్నది. ప్రభుత్వ టీకాల పట్టిక ప్రకారము 6, 10, 14 వారములలోను, 16 నుండి 24 నెలల మధ్యను, 5 నుండి 6 ఏండ్ల మధ్యను ఇవ్వడమే కాక 10 సంవత్సరములకు, 16 సంవత్సరములకు టి.డి. టీకా ఇవ్వవలెను. పదహారు సంవత్సరములంటే ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరము. ఈ వ్యాసము చదువుతున్న ఇంటర్ విద్యార్థులలో ఆ టీకా తీసుకొన్నవారు ఎందరో ఎవరికి వారు ఇంటిలో విచారించుకొనవలెను.

గృహచికిత్స

వైరసు వలన వచ్చిన దగ్గునకు, గొంతునొప్పికి మనము చేయవలసినది రోగమును చంపడము కాదు. శరీరము తన పని తాను చేసుకొనేవరకు దానికి ఉపశమనము కలిగించడమే. ఆ దృష్టితో చూచినప్పుడు మన పెద్దల వైద్యములో చాలభాగము నిలుస్తుంది.

ఉప్పునీటి పుక్కిలింత: పావులీటరు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కరిగించి, తల వెనుకకు వాల్చి గొంతులో గరగరలాడించి ఉమ్మివేయవలెను. రోజుకు మూడు నాలుగు పర్యాయములు చేయవచ్చును. ఖర్చు లేనిది, హాని లేనిది. పుక్కిలించడము రాని చిన్నపిల్లలతో చేయించరాదు.

వెచ్చని ద్రవములు: మిరియాల చారు, శొంఠి కాఫీ, అల్లపు టీ, పలుచని గంజి, కోడిమాంసపు యఖ్నీ వీటిలో ఏది ఇష్టమైతే అది. వేడి ద్రవము గొంతును తడిపి కఫమును పలుచబరుస్తుంది. జ్వరములో శరీరము కోల్పోయిన నీటిని తిరిగి ఇస్తుంది. పసుపు వేసిన పాలు కూడ ఈ కోవలోనివే. గొంతుకు హాయిగా ఉంటాయి. పసుపులోని సారము శరీరములోకి చాల తక్కువగా ఇంకుతుంది కనుక అదే సర్వరోగ నివారిణి అనుకొనవలసిన పని లేదు.

తేనె: దీని విషయములో పాత నమ్మకమునకు కొత్త సాక్ష్యము లభించినది. 2007లో అమెరికాలో దగ్గుతో బాధపడుతున్న 105 మంది పిల్లలపై జరిపిన పరిశీలనలో, పడుకొనే ముందు తేనె ఇచ్చిన పిల్లలు ఏ మందూ ఇవ్వనివారి కంటె తక్కువగా దగ్గి బాగుగా నిద్రించినారని తల్లిదండ్రులు చెప్పినారు. పెద్దలు, పిల్లలు రాత్రి ఒక చెంచా తేనె తీసుకొనవచ్చును. కాని సంవత్సరము నిండని శిశువునకు ఒక్క చుక్క కూడ నాకించరాదు. తేనెలో ఉండగల కొన్ని బీజములు పసివారి ప్రేగులలో మొలకెత్తి కండరములను చచ్చుబడజేసే విషమును పుట్టించగలవు. పుట్టిన బిడ్డకు తేనె నాకించే ఆచారము ఉన్న ఇండ్లవారు ఈ మాటను పెద్దలకు వినయముతో చెప్పవలెను.

కరక్కాయ, అతిమధురము: కరక్కాయ ముక్కను బుగ్గన పెట్టుకొని రసము మింగడము తెలుగు ఇండ్లలో ఉన్నదే. హరికథకులు, పాటకులు, అధ్యాపకులు దీనిని నేటికీ ఆశ్రయిస్తున్నారు. నోటిలో లాలాజలము ఊరి గొంతు తడిగా ఉండడము దీని మేలు. అతిమధురమును ఉర్దూవారు ములేఠీ అంటారు. అది గొంతుకు మెత్తదనమునిస్తుంది. అయినను వారముల తరబడి ఎక్కువగా తీసుకొన్నచో రక్తపోటు పెరిగి, రక్తములోని పొటాషియము తగ్గుతుంది. రక్తపోటు ఉన్నవారు, గర్భవతులు దానికి దూరముగా ఉండడము మేలు.

జోషాందా: ఉన్నాబ్, సపిస్తాన్, ములేఠీ మొదలైనవి కలిపి కాచే ఈ యునానీ కషాయము హైదరాబాదు ఇండ్లలో చలికాలపు పానీయము. చార్మినారు వద్దనున్న నిజామియా యునానీ ఆసుపత్రి దారిలో ఈ పేర్లు తెలియనివారు ఉండరు. వెచ్చదనము, జిగురు పదార్థములు గొంతుకు ఉపశమనము కలిగిస్తాయి. ఎవరో ఇచ్చిన పేరులేని పొడిని కాక, వస్తువులు గుర్తించి కొన్నదానినే వాడవలెను.

ఆవిరి, తైలములు: ఆవిరి పట్టడము వలన ముక్కు కొంతసేపు తెరచుకొంటుంది. రోగము త్వరగా పోతుందనుటకు ఆధారము లేదు. మరుగుతున్న నీటి గిన్నె ఒరిగి పిల్లల ఒళ్ళు కాలిన సంఘటనలు లేకపోలేదు. అందుచేత పెద్దవారు సైతము గిన్నెను నేలపై స్థిరముగా ఉంచి, పొయ్యి మీది నుండి దించిన తరువాతనే పట్టవలెను. చిన్నపిల్లలకు ఆవిరి వద్దు. 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్ మొదలు నీలగిరి తైలము వరకు మన ఇండ్లలో వాసన పీల్చే మందులు అనేకము ఉన్నవి. ఏ తైలమైనను పెద్దల మాట వేరు, పసిపిల్లల మాట వేరు. కర్పూరము, పుదీనా పువ్వు, నీలగిరి తైలము ఉన్న వాటిని శిశువుల ముక్కులో, నోటిలో వేయరాదు. పిల్లలకు అందేచోట ఉంచరాదు.

స్వరమునకు విశ్రాంతి: గొంతు బొంగురుపోయినప్పుడు మాటలాడడము తగ్గించవలెను. గుసగుసలాడితే శ్రమ తగ్గుతుందని చాలమంది అపోహపడతారు. గుసగుస కూడ స్వరతంత్రులను బిగబట్టిస్తుంది. మెల్లగా సహజస్వరముతో నాలుగు మాటలు మాటలాడి ఊరుకోవడము ఉత్తమము. అరచుకొని దగ్గి గొంతు సవరించుకొనే అలవాటు కంటె ఒక గ్రుక్క నీరు త్రాగడము మంచిది. మూడు వారములు దాటినను బొంగురు పోకపోతే చెవి ముక్కు గొంతు వైద్యునికి చూపవలెను.

జ్వరమో నొప్పియో అధికముగా ఉన్నచో పారాసిటమాల్ తీసుకొనవచ్చును. అట్టపై వ్రాసిన మోతాదు మించరాదు. జలుబు బిళ్ళలలో కూడ పారాసిటమాల్ ఉంటుంది కనుక రెండూ కలిపి మింగి మోతాదు రెట్టింపు చేసుకొనకుండ చూచుకొనవలెను. జ్వరముతో ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు.

కొండనాలుకకు మందు

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినదని మన సామెత. గొంతు గురించియే పుట్టిన ఈ సామెత మందుల దుకాణముల ముందు వ్రాసిపెట్టదగినది.

మొదటిది దగ్గు మందు సీసా. 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశములో సుమారు 70 మంది పిల్లలు మూత్రపిండములు చెడి మరణించినారు. వారు త్రాగిన దగ్గు, జలుబు మందులు మన దేశములో తయారైనవి. 2025లో మధ్యప్రదేశ్‌లో ఇదే విధముగా 20 మందికి పైగా పిల్లలు బలి అయినారు. రెండు సందర్భములలోను సీసాలలో డైఎథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక విషద్రవము ఉన్నట్లు పరీక్షలలో తేలినది. 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వ్రాయరాదనియు, ఐదేండ్ల లోపువారికి కూడ సాధారణముగా తగవనియు సూచించినది. పిల్లల దగ్గు చాలవరకు దానంతట అదే తగ్గునని ఆ సూచనలోనే ఉన్నది. తగ్గిపోయే దగ్గు కోసము ప్రాణముతో పందెము వేయడము ఎంత విషాదము!

రెండవది కోడీన్ కలిసిన సిరపు. ఇది నల్లమందు జాతికి చెందినది. దగ్గును అణచుటతోపాటు మత్తు కలిగిస్తుంది, అలవాటు చేస్తుంది. వైద్యుని చీటీ లేకుండ అమ్మరాదు. అయినను పొందేవారు పొందుతున్నారు. హాస్టలు గదిలో ఒకే రకము ఖాళీ సీసాలు పోగుపడుతూ ఉంటే అది దగ్గు సమస్య కాదని స్నేహితులు గ్రహించి, ఆ మిత్రుని మందలించుటకంటె ముందుగా మాటలాడి వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను.

మూడవది యాంటీబయాటిక్. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్న నాటి నుండి అది కోట్లాది ప్రాణములు నిలిపిన జాతి మందు. కాని వైరసుపై దానికి ఏ అధికారమూ లేదు. జలుబునకు వాడినప్పుడు జలుబు పోదు. శరీరములో ఉన్న బాక్టీరియా ఆ మందును తట్టుకొనడము నేర్చుకొంటుంది. రేపు నిజముగా న్యుమోనియా వచ్చిననాడు ఆ మందు పనిచేయకపోవచ్చును.

దాచుకొనే దగ్గు

ఇంతవరకు చెప్పినది తగ్గిపోయే దగ్గును గురించి. ఇక తగ్గని దగ్గును గురించి చెప్పవలెను. ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము ప్రేరేపించినది నిజమునకు ఇదే.

రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గడము, రాత్రి చెమటలు, కఫములో రక్తపు చార వీటిలో ఏ ఒక్కటి ఉన్నను క్షయ పరీక్ష చేయించుకొనవలెనని మన దేశపు క్షయ నిర్మూలన కార్యక్రమము చెబుతున్నది. చరకుని క్షయజకాసము, ఉర్దూవారి తపేదిఖ్, నేటి టి.బి. ఒక్కటే. 1882 మార్చి 24వ తేదీన రాబర్ట్ కోచ్ బెర్లిన్‌లో దాని బాక్టీరియాను ప్రకటించిన నాటి వరకు అది వంశపారంపర్యమని, శాపమని లోకము నమ్మినది. ఆ కాలమున మందు లేదు. మంచి గాలి, మంచి ఆహారము మాత్రమే చికిత్స. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము, వికారాబాదు వద్ద అనంతగిరి కొండపై క్షయ చికిత్సాలయములు వెలసినది అందుకే. నేడు కొండలు ఎక్కవలసిన పని లేదు. మందులకు లొంగే క్షయకు ఆరు మాసముల చికిత్స చాలును. ప్రభుత్వ ఆసుపత్రులలో తెమడ పరీక్ష, ట్రూనాట్ వంటి కొత్త పరీక్షలు, మందులు అన్నీ ఉచితము. పోషకాహారము నిమిత్తము 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసినారు.

ఇన్ని ఉన్నను మన విద్యార్థులు ఎందుకు దాచుకొంటున్నారు? ముఖ్యముగా ఆడపిల్లలు ఎందుకు దాచుకొంటున్నారు? “ఈ మాట బయటపడితే సంబంధము వస్తుందా?” అనే తల్లి భయము కూతురి దగ్గును కొంగు చాటున అణచుతున్నది. రోగము మాత్రము కొంగు చాటున ఆగదు. అది గాలి ద్వారా వ్యాపిస్తుంది. పళ్ళెము, గ్లాసు, దస్తర్‌ఖాన్ పంచుకొనడము వలన రాదు. చికిత్స ప్రారంభించని రోగితో ఒకే మూసిన గదిలో ఎక్కువ కాలము నివసించడము వలన వస్తుంది. సరియైన చికిత్స మొదలుపెట్టిన కొద్ది వారములలో చాలమంది నుండి ఇతరులకు సోకడము ఆగిపోతుంది. కనుక దాచినవారి ఇంటిలోనే అపాయము ఎక్కువ. బయటపెట్టి మందు తీసుకొన్నవారి ఇంటిలో తక్కువ. పూర్తిగా నయమైనవారు చదువుతున్నారు, ఉద్యోగములు చేస్తున్నారు, పెండ్లిళ్ళు చేసుకొని పిల్లలను కంటున్నారు. మధ్యలో మందు మానివేసినవారికే మందులకు లొంగని క్షయ వచ్చే భయము. క్షయ సిగ్గుపడవలసిన రోగము కాదు. పరీక్షకు పోనీయని సమాజమే సిగ్గుపడవలెను.

వెంటనే ఆసుపత్రికి

కొన్ని గుర్తులు కనిపించినప్పుడు కషాయముల కొరకు కాలము వృథా చేయరాదు. శ్వాస అందకపోవడము, పెదవులు నీలివర్ణము పొందడము, కఫములో రక్తము, ఛాతీలో నొప్పి, ఉమ్మి కూడ మింగలేక చొంగ కారడము, నోరు తెరవలేకపోవడము, మెడ వాపు, శ్వాస లోనికి తీసుకొనేటప్పుడు కూత ఇవి ఉన్నచో ఆ క్షణముననే ఆసుపత్రికి పోవలెను. పసిపిల్లలలో డొక్కలు ఎగరడము, శ్వాస వేగము గమనించవలెను. గడియారము చూచి నిమిషము లెక్కించినప్పుడు రెండు నెలల నుండి సంవత్సరము లోపు బిడ్డకు 50, ఒకటి నుండి ఐదేండ్ల బిడ్డకు 40 లేక అంతకు మించి శ్వాసలు ఉన్నచో అది న్యుమోనియా కావచ్చును. చదువుకొన్న అన్న, అక్క ఇంట్లో ఉన్నందుకు ఈ లెక్క చేయడము వారి బాధ్యత.

కమిటీవారికి మనవి

కళాశాల కమిటీ పెద్దలకు నాలుగు మనవులు చేస్తున్నాము. తరగతి గదుల కిటికీలు, ముఖ్యముగా వెనుకవైపువి, చలికాలములో కూడ తెరచుకొనేటట్లు బాగుచేయించవలెను. త్రాగునీటి తొట్టి వద్ద ఒక్క గ్లాసు గొలుసుతో వ్రేలాడే పద్ధతికి బదులు ఎవరి సీసా వారు తెచ్చుకొనే ఏర్పాటు కావలెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్రము వారిని ఏటా ఒకసారి పిలిపించి టి.డి. టీకా తీసుకొననివారికి టీకా, రెండు వారములకు మించి దగ్గేవారికి తెమడ పరీక్ష చేయించవలెను. ఆ పరీక్ష ఫలితములు నోటీసుబోర్డుపై కాక విద్యార్థి చేతికే రహస్యముగా అందవలెను. చికిత్సలో ఉన్న విద్యార్థికి హాజరు తక్కువైన కారణమున పరీక్షకు అడ్డు కలుగకుండ చూడవలెను. హాజరు పోతుందనే భయముతో దగ్గుతూ తరగతికి వచ్చేవారు మనలో ఉన్నారు.

విద్యార్థులకు చెప్పవలసినది కొంచెమే. దగ్గు వచ్చినప్పుడు చేతిరుమాలునో మోచేతి మడతనో అడ్డము పెట్టుకొనండి. మొదటి వారము ఉప్పునీటిని, తేనెను, విశ్రాంతిని నమ్ముకొనండి. రెండు వారములు దాటితే ఎవరికీ భయపడక పరీక్షకు పొండి. ఒంటరిగా పోవుటకు జంకు అయితే మీ అధ్యాపకులను పిలవండి, మేము వెంట వస్తాము.